ఎక్సెల్ ఫైలును కమాండ్ లైన్‌లో సాదా టెక్స్టుగా మార్చడం ఎలా?

“ఎక్సెల్ ఫైలును సీఎస్‌వీగా మార్చాను, ఖాతా నంబర్ల ముందున్న సున్నాలు పోయాయి.” “తేదీల్లో రోజు, నెల తారుమారయ్యాయి.” “తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారాయి.” (సీఎస్‌వీ అంటే గడుల్లోని విలువలను కామాలతో విడదీసి రాసిన సాదా టెక్స్ట్ ఫైలు.) ఈ మూడు ఫిర్యాదులూ మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. అడిగిన ప్రతి ఒక్కరికీ విడిగా జవాబు చెప్పేకంటే, పని మొదలుపెట్టినప్పటి నుంచి ఫలితాన్ని సరిచూసుకునే వరకు మొత్తం క్రమాన్ని ఒకేచోట రాయడం మేలనిపించింది. మార్చడమనేది నిజానికి ఒక్క వరుస ఆదేశంతో అయిపోయే పని. ఏ లోపమూ తెరమీద చెప్పకుండానే జరిగిపోతుంది కాబట్టి ఆ తరువాత చేసే తనిఖీయే అసలు పని, అందుకే ఈ వ్యాసంలో తనిఖీకి ఎక్కువ చోటిచ్చాను.

ముందుగా ఒక్క విషయం గుర్తుంచుకోండి, ఇంతకు మించి సిద్ధాంతం అవసరం లేదు. ఎక్సెల్ గడిలో రెండు సంగతులుంటాయి: లోపల దాచిన విలువ ఒకటి, పైకి కనిపించే రూపం ఒకటి. మీకు 01-04-2024 అని కనిపించే గడిలో ఉన్నది 45383 అనే సంఖ్య మాత్రమే. 1,23,456.00 అని కనిపించేచోట లోపలున్నది కామాలు లేని 123456. సాదా టెక్స్టులో ఈ రెండింటికీ చోటులేదు, ఏదో ఒకటే మిగులుతుంది. ఏది మిగలాలో మీరు చెప్పకపోతే, ఆ నిర్ణయం సాధనమే తీసుకుంటుంది.

ఉదాహరణ కోసం ఒక పాలకేంద్రం లెక్కల ఫైలును తీసుకుందాం. దాని పేరు పాలు.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్. అందులో ఏప్రిల్, మే, జూన్ అనే మూడు షీట్లున్నాయి. ఒక్కో షీటులో సభ్యుని సంఖ్య, పేరు, తేదీ, లీటర్లు, వెన్న శాతం, మొత్తం, బ్యాంకు ఖాతా, ఫోను అనే కాలమ్‌లున్నాయి. సభ్యుని సంఖ్యలు 007, 018 వంటివి, పేర్లు తెలుగులో ఉన్నాయి, ఫోన్లలో కొన్ని 0866తో మొదలయ్యే ల్యాండ్‌లైన్లు. ఫైలు చిన్నదే గాని, చెడిపోవడానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

ఆదేశాలను ఎలా చదవాలి

ఈ వ్యాసంలో ఆదేశాలను కూడా తెలుగు లిపిలోనే రాశాను. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, మాత్రం వాటిని ఇంగ్లిషు చిన్నబడి అక్షరాలతో టైపు చేయాలి. సీఎస్‌వీ, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ వంటివాటిని అక్షరం అక్షరంగానూ, హెడ్‌లెస్, షీట్ వంటివాటిని మామూలు ఇంగ్లిషు మాటల స్పెల్లింగుతోనూ రాయండి. అంకెలు, చుక్కలు, అడ్డగీతలు, కొటేషన్ గుర్తులు ఇక్కడ ఉన్నట్టే ఉండాలి. ఆప్షన్ ముందు రెండు అడ్డగీతలుంటే రెండూ కొట్టాలి. వాటి మధ్య ఖాళీ ఉండకూడదు. పెద్దబడి అక్షరం అవసరమైనచోట విడిగా చెప్పాను. ఫైలు పేర్లూ షీట్ల పేర్లూ తెలుగులో ఉంటే తెలుగులోనే టైపు చేయవచ్చు, లైనక్స్‌కు గాని మ్యాక్‌కు గాని దానివల్ల ఇబ్బంది లేదు. పేరులో ఖాళీ ఉంటే మాత్రం మొత్తం పేరును కొటేషన్లలో పెట్టాలి.

కావలసినవి

లిబ్రెఆఫీస్ (ఎక్సెల్ వంటి కాల్క్ ఉన్న ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్) 7.2 లేదా ఆ తరువాతి వెర్షన్. అంతకంటే పాతదైతే అన్ని షీట్లనూ ఒకేసారి బయటికి తీసే సదుపాయం ఉండదు.

సీఎస్‌వీకిట్ అనే సాధనాల సంచి. ఇందులో ఇన్2సీఎస్‌వీ ఫైలును మారుస్తుంది, సీఎస్‌వీస్టాట్ లెక్కలు చూపిస్తుంది, సీఎస్‌వీఫార్మాట్ విభజన గుర్తును మారుస్తుంది.

ఒక సాదా టెక్స్ట్ ఎడిటర్. విండోస్ నోట్‌ప్యాడ్ అయినా చాలు.

ఉబుంటు, డెబియన్ వాడేవారు ఈ ఒక్క వరుసతో రెండింటినీ ఎక్కించుకోవచ్చు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్రెఆఫీస్-కాల్క్ సీఎస్‌వీకిట్

మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ఇన్‌స్టాలర్ ద్వారా సీఎస్‌వీకిట్ దొరుకుతుంది. విండోస్‌లో పైథాన్ ఉంటే దాని ఇన్‌స్టాలర్ అయిన పిప్ ద్వారా ఎక్కించుకోవచ్చు గాని, తరచుగా ఈ పని చేసేవారైతే విండోస్‌లోనే లైనక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకోవడం సుఖం. ఎందుకో ఐదో మెట్టులో తెలుస్తుంది.

1. అసలు ఫైలుకు నకలు తీసి, అది నిజంగా ఏమిటో చూడండి

ఒక కొత్త ఫోల్డరు తయారుచేసి, ఫైలు నకలును అందులో పెట్టి, టెర్మినల్‌లో ఆ ఫోల్డరులోకి వెళ్లండి. అసలు ఫైలును ఈ పనంతా అయ్యేవరకు ముట్టుకోవద్దు. తరువాత ఈ ఆదేశం ఇవ్వండి:

ఫైల్ పాలు.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్

జవాబులో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ 2007+ అని గాని, జిప్ ఆర్కైవ్ అని గాని వస్తే సరే. జిప్ అన్నందుకు కంగారు పడవద్దు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలంటే ఎక్స్ఎంఎల్ ఫైళ్లను కట్టిన జిప్ మూటే. హెచ్‌టీఎంఎల్ డాక్యుమెంట్ అని వస్తే మాత్రం ఆగండి. చాలా వెబ్ పోర్టళ్లలో ఎక్సెల్ డౌన్‌లోడ్ అనే మీట నొక్కితే వచ్చేది ఎక్సెల్ ఫైలు కాదు, ఎక్స్‌ఎల్‌ఎస్ అనే తోక తగిలించిన వెబ్ పట్టిక. దాన్ని ఎక్సెల్ ఎలాగోలా తెరుస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇన్2సీఎస్‌వీ మాత్రం ఆ ఫైలును చదవలేక చేతులెత్తేస్తుంది. అటువంటి ఫైలును ఒకసారి లిబ్రెఆఫీస్ కాల్క్ కిటికీలో తెరిచి, ఓడీఎస్‌గానో (లిబ్రెఆఫీస్ సొంత ఫైలు రూపం) ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గానో దాచి (సేవ్ చేసి), ఆ దాచిన ఫైలుతో ముందుకు వెళ్లండి.

ఫైలు పాతకాలపు ఎక్స్‌ఎల్‌ఎస్ అయితే దాని చివరి వరుస నంబరు కూడా చూడండి. ఆ రకం షీటులో 65,536 వరుసలకే చోటు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో అయితే 10,48,576 వరుసలు పడతాయి. సరిగ్గా 65,536వ వరుస దగ్గర ఫైలు ముగిసిందంటే, మీ చేతికి రాకముందే డేటా తెగిపోయిందని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు. ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2020లో ఇంగ్లండులో ప్రయోగశాలల నుంచి వచ్చిన సీఎస్‌వీ ఫైళ్లను పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌లోకి ఎక్కించినప్పుడు వరుసలు పట్టక, 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు సకాలంలో లెక్కలోకి రాకుండా పోయాయి.

సంకేతపదం పెట్టిన ఫైలైతే, ముందు దాన్ని తెరిచి సంకేతపదం తీసేసి దాచాలి. ఇక్కడ చెప్పే ఆదేశాలు తాళం వేసిన ఫైలును తెరవలేవు.

2. మార్చకముందే నాలుగు వివరాలు కాగితం మీద రాసుకోండి

చాలామంది దాటవేసే మెట్టు ఇదే. స్ప్రెడ్‌షీటును తెరిచి, ప్రతి షీటుకూ శీర్షిక వరుస పోను ఎన్ని వరుసలున్నాయో, లీటర్ల కాలమ్ మొత్తమెంతో, రూపాయల కాలమ్ మొత్తమెంతో, చివరి వరుసలో ఎవరి పేరుందో రాసుకోండి. కాలమ్‌ను ఎంచుకుంటే కింది పట్టీలో మొత్తం కనిపిస్తుంది, ఫార్ములా రాయనక్కరలేదు. షీటు అడుగున “మొత్తం” అనే వరుస ఉంటే దాన్ని కలపకుండా లెక్కించండి. రెండు నిమిషాల పని ఇది. ఆరో మెట్టులో మీ చేతిలో ఉండే ఏకైక సాక్ష్యం కూడా ఇదే.

3. స్ప్రెడ్‌షీటులోనే సరిదిద్దవలసినవి సరిదిద్దండి

కొన్ని లోపాలను ఏ ఆదేశమూ తరువాత సరిచేయలేదు. వాటిని ఇక్కడే చూసుకోవాలి.

తేదీల సంగతి ముందు. ఎక్సెల్‌లో మామూలుగా వాడే చిన్న తేదీ రూపం కంప్యూటరు ప్రాంతీయ అమరికను బట్టి మారుతుంది. మన దగ్గర 05-04-2024 అని ఏప్రిల్ 5గా కనిపించిన గడి, అమెరికన్ అమరికతో నడిచే యంత్రంలో 04/05/24గా బయటికి రావచ్చు. దాన్ని చదివినవారు మే 4 అనుకుంటారు. కాబట్టి తేదీల కాలమ్ మొత్తాన్ని ఎంచుకుని, ఏడాది-నెల-రోజు క్రమంలో, అంటే 2024-04-05 అని కనిపించేలా ఫార్మాట్ మార్చండి. మార్చినప్పుడు కొన్ని గడులు మాత్రం మారకుండా మొండికేస్తే అవి తేదీలు కావు, తేదీల్లా కనిపించే టెక్స్ట్. ఎవరో 30.04.2024 అని చుక్కలతో కొట్టి ఉంటారు, లేదా ఏప్రిల్‌కు 31వ తేదీ ఇచ్చి ఉంటారు. వాటిని చేత్తో దిద్దక తప్పదు.

ఖాతా నంబర్లు రెండోది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే నమ్మకంగా దాచగలదు. 16 అంకెల ఖాతా నంబరును సంఖ్యగా టైపు చేస్తే, ఎంటర్ నొక్కిన క్షణంలోనే చివరి అంకె సున్నా అవుతుంది. 12 అంకెల ఆధార్ సంఖ్యకు ఆ ప్రమాదం లేదు గాని, అది 1.23457ఈ+11 వంటి రూపంలో కనిపించే ప్రమాదముంది. పోయిన అంకె ఫైలులోనే లేదు కనుక, మార్చే సాధనాన్ని నిందించి లాభం లేదు, పాస్‌బుక్ తెప్పించుకుని మళ్లీ కొట్టవలసిందే. సభ్యుని సంఖ్య 007కు గాని, 0866తో మొదలయ్యే ఫోనుకు గాని ఇదే వర్తిస్తుంది: అవి టెక్స్ట్ గడులుగా ఉంటేనే సున్నాలు నిజంగా ఉన్నట్టు. కొందరు సంఖ్యను సంఖ్యగానే ఉంచి, సున్నాలు కనిపించేలా ఫార్మాట్ పెడతారు. అప్పుడు గడిలో ఉన్నది 7, కనిపించేది 007. మీ ఫైలు వీటిలో ఏ రకమో పైనున్న ఫార్ములా పట్టీలో చూసి తెలుసుకోండి. నాలుగో మెట్టులో ఏ దారి పట్టాలో దానిమీదే ఆధారపడి ఉంటుంది.

కలిపిన గడులు మూడోది. ఒకే రైతు పేరును ఐదు వరుసలకు కలిపి రాస్తే, మార్చిన తరువాత పేరు మొదటి వరుసలో మాత్రమే ఉంటుంది, మిగతా నాలుగూ ఖాళీ. గడులను విడదీసి పేరును కిందికి నింపండి.

దాచిన వరుసలు, కాలమ్‌లు కూడా చూడండి. తెరపై కనిపించనంత మాత్రాన అవి టెక్స్టులోకి రావని అనుకోవద్దు, వచ్చేస్తాయి. ఆధార్ సంఖ్యల కాలమ్‌ను దాచిపెట్టి, ఆ ఫైలును మార్చి పదిమందికి పంపితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. బయటికి వెళ్లకూడని కాలమ్‌ను నకలులో నుంచి పూర్తిగా తొలగించండి.

4. దారి ఎంచుకోండి

లోపలి విలువలు కావాలంటే ఇన్2సీఎస్‌వీ. కనిపించే రూపం కావాలన్నా, ఫైలు ఓడీఎస్ అయినా, అందులో ఇంకా లెక్కించని ఫార్ములాలున్నా లిబ్రెఆఫీస్. డేటాబేసుకో మరో ప్రోగ్రాముకో పంపే పని అయితే నేను దాదాపు ఎప్పుడూ మొదటి దారే పడతాను. తేదీలను అది ఏ యంత్రంలోనైనా 2024-04-05 రూపంలోనే రాస్తుంది.

ఫార్ములాల గురించి ఒక్క మాట. ఎక్సెల్‌లో దాచిన ఫైలులో ఫార్ములాతోపాటు దాని చివరి ఫలితం కూడా ఉంటుంది. ఇన్2సీఎస్‌వీ ఆ ఫలితాన్ని మాత్రమే చదువుతుంది, తాను లెక్కించదు. ఏదైనా ప్రోగ్రాము తయారుచేసిన ఫైలులో ఆ ఫలితం లేకపోతే గడి ఖాళీగా వస్తుంది. “మొత్తం” కాలమ్ అంతా ఖాళీగా వచ్చిందంటే కారణం ఇదే. ఆ ఫైలును ఒకసారి ఎక్సెల్‌లోనో కాల్క్‌లోనో తెరిచి దాచితే సరిపోతుంది.

5. మార్చండి

*మొదటి దారి: ఇన్2సీఎస్‌వీ.* ముందు షీట్ల పేర్లు చూడండి:

ఇన్2సీఎస్‌వీ --నేమ్స్ పాలు.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్

తరువాత కావలసిన షీటును మార్చండి:

ఇన్2సీఎస్‌వీ --నో-ఇన్ఫరెన్స్ --బ్లాంక్స్ --షీట్ "ఏప్రిల్" పాలు.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ > ఏప్రిల్.సీఎస్‌వీ

ఇందులో నో-ఇన్ఫరెన్స్ అనే ఆప్షన్‌ను మరిచిపోవడమే నేను చూసిన తప్పుల్లో మొదటిది. అది లేకపోతే సాధనం ప్రతి కాలమ్‌నూ చూసి, ఇది సంఖ్యల కాలమా, తేదీల కాలమా అని తనకు తానే ఊహిస్తుంది. టెక్స్టుగా జాగ్రత్తగా కొట్టిన 007ను సంఖ్య అనుకుని 7గా రాస్తుంది. హాజరు పట్టీలో 1, 0 మాత్రమే ఉన్న కాలమ్‌ను అవును-కాదు కాలమ్‌గా భావించి ట్రూ, ఫాల్స్ అని మారుస్తుంది. బ్లాంక్స్ ఆప్షన్ కూడా అటువంటిదే. అది లేకుంటే ఎన్‌ఏ, నన్, నల్ వంటి మాటలున్న గడులు ఖాళీ అయిపోతాయి. వివరం లేదని ఎవరో రాసిన గడికీ, ఎవరూ ముట్టని గడికీ తేడా చెరిగిపోతుందన్నమాట.

అన్ని షీట్లనూ ఒకేసారి కావాలంటే:

ఇన్2సీఎస్‌వీ --నో-ఇన్ఫరెన్స్ --బ్లాంక్స్ --రైట్-షీట్స్ - --యూజ్-షీట్-నేమ్స్ పాలు.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్

రైట్-షీట్స్ తరువాత వచ్చే ఒంటరి అడ్డగీతకు అన్ని షీట్లూ అని అర్థం. ఫైళ్లు పాలు_ఏప్రిల్, పాలు_మే అనే తీరులో తయారవుతాయి. మొదటి షీటు తెరపైకి కూడా గలగలా పారుతుంది, దాన్ని పట్టించుకోవద్దు.

హెచ్చరికలు రెండు. బాణం గుర్తు తరువాత అసలు ఫైలు పేరే పొరపాటున రాస్తే, ఆదేశం మొదలుకాకముందే టెర్మినల్ ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. నకలు మీద పనిచేయమని మొదట చెప్పింది ఇందుకే. రెండోది విండోస్ వారికి: విండోస్‌తో వచ్చే టెర్మినల్ అయిన పవర్‌షెల్ 5.1లో బాణం గుర్తు వాడితే ఫైలు యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ రాసే మామూలు పద్ధతి) కాక యూటీఎఫ్-16లో తయారవుతుంది. నోట్‌ప్యాడ్‌లో చూస్తే అంతా బాగానే ఉంటుంది, తరువాతి ప్రోగ్రాము మాత్రం చదవలేదు. పవర్‌షెల్ 7లోనో డబ్ల్యూఎస్ఎల్‌లోనో ఈ బెడద లేదు.

*రెండో దారి: లిబ్రెఆఫీస్.* ఆదేశం పేరు ఎస్ఆఫీస్, అంటే ఎస్ అనే అక్షరానికి ఆఫీస్ అనే మాట అతికించినది. ముందుగా తెరిచి ఉన్న లిబ్రెఆఫీస్ కిటికీలన్నీ మూసేయండి. ఒక్కటి తెరిచి ఉన్నా ఆదేశం ఏమీ చేయకుండా, ఏమీ చెప్పకుండా ముగిసిపోవచ్చు. “ఆదేశం పనిచేయడం లేదు” అనే ప్రశ్నలకు చాలాసార్లు జవాబు ఇదే.

ఎస్ఆఫీస్ --హెడ్‌లెస్ --కన్వర్ట్-టు 'సీఎస్‌వీ:టెక్స్ట్ - టీఎక్స్‌టీ - సీఎస్‌వీ (స్టార్‌కాల్క్):44,34,76,1,,0,ఫాల్స్,ట్రూ,ఫాల్స్,ఫాల్స్,ఫాల్స్,-1' --అవుట్‌డిర్ ఫలితం పాలు.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్

ఇందులో టెక్స్ట్ అనే మాటలో మొదటి అక్షరం, స్టార్‌కాల్క్‌లో ఎస్, సీ పెద్దబడి అక్షరాలు. అవుట్‌డిర్ అంటే అవుట్ అనే మాట పక్కన డీ, ఐ, ఆర్ అనే మూడక్షరాలు. ఈ పొడవాటి వరుసను చూసి బెదరనక్కరలేదు, మీరు మార్చవలసినవి నాలుగే. మొదటి స్థానంలోని 44 విభజన గుర్తు కామా అని చెబుతుంది. ట్యాబ్ కావాలంటే 9 అని రాయండి. మూడో స్థానంలోని 76 అంటే యూటీఎఫ్-8. దీన్ని వదిలేస్తే కొన్ని యంత్రాల్లో, ముఖ్యంగా విండోస్‌లో, తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలు రావచ్చు. అలా వచ్చిన టెక్స్టు నుంచి తెలుగును తిరిగి రాబట్టే మార్గం లేదు, మళ్లీ మార్చవలసిందే. ఎనిమిదో స్థానంలోని ట్రూ అంటే కనిపించే రూపం రాయమని, ఫాల్స్ అంటే విలువ రాయమని. చివరి స్థానంలోని -1 అంటే అన్ని షీట్లూ. అక్కడ 2 అని పెడితే రెండో షీటు మాత్రమే వస్తుంది. ఏమీ పెట్టకపోతే మొదటి షీటు మాత్రమే వస్తుంది, మే, జూన్ నెలలు లేవన్న సంగతి ఆదేశం మీకు చెప్పదు.

ఎనిమిదో స్థానం దగ్గర కాస్త ఆలోచించండి. ట్రూ అని ఉంచితే 1,23,456.00 అనే మొత్తం కామాలతో సహా కొటేషన్లలో వస్తుంది. మనిషి చదవడానికి బాగుంటుంది గాని, కూడిక చేయవలసిన ప్రోగ్రాముకు అది సంఖ్య కాదు, మాట. పైగా వెన్న శాతం 6.45 ఉన్న గడి ఒక్క దశాంశస్థానం చూపేలా ఫార్మాట్ అయి ఉంటే, చివరి అంకె సవరించిన సంఖ్యే బయటికి వస్తుంది. పాలధర వెన్న శాతాన్ని బట్టే కాబట్టి ఆ తేడా చివరికి రైతు డబ్బులో తేలుతుంది. మరోవైపు ఫాల్స్ పెడితే, ఫార్మాట్‌తో మాత్రమే 007గా కనిపించే సంఖ్య 7గా వస్తుంది. రెండు బాధలూ ఉన్న ఫైలైతే, సభ్యుని సంఖ్య కాలమ్‌ను స్ప్రెడ్‌షీటులోనే టెక్స్టుగా మార్చి, ఆ తరువాత ఫాల్స్ వాడండి.

ఫోల్డరులోని ఫైళ్లన్నీ ఒకేసారి మార్చాలంటే చివరన ఫైలు పేరుకు బదులు *.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అని రాస్తే చాలు. ఫలితం ఫోల్డరులో అదే పేరుతో పాత ఫైలుంటే అది అడగకుండానే దాన్ని తుడిచి కొత్తది రాస్తుంది. పాలు.ఎక్స్‌ఎల్‌ఎస్, పాలు.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రెండూ మీ దగ్గరుంటే వాటిని వేర్వేరు ఫోల్డర్లలోకి మార్చుకోండి.

*కామా బదులు ట్యాబ్ కావాలంటే.* చిరునామాల్లో, పేర్లలో కామాలు ఎక్కువగా ఉన్న ఫైళ్లను మామూలు టెక్స్ట్ సాధనాలతో కత్తిరించాలంటే ట్యాబ్ విభజన సులువు. మొదటి దారిలో వచ్చిన ఫైలును ఇలా మార్చుకోవచ్చు:

సీఎస్‌వీఫార్మాట్ --అవుట్-ట్యాబ్స్ ఏప్రిల్.సీఎస్‌వీ > ఏప్రిల్.టీఎస్‌వీ

6. సరిచూడండి

అందరూ చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. తయారైన సీఎస్‌వీని మౌసుతో రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరుస్తారు. ఎక్సెల్ ఆ టెక్స్టును మళ్లీ తన పద్ధతిలో ఊహించి, 007ను 7గా, పొడవైన ఖాతా నంబరును ఈ+15 రూపంగా చూపిస్తుంది. యూటీఎఫ్-8 అని గుర్తించలేకపోతే తెలుగును యూరప్ భాషల గీతల అక్షరాలుగా చూపిస్తుంది. ఫైలు చక్కగానే ఉంటుంది, చూసిన అద్దమే వంకర. అంతటితో ఆగక, మూసేటప్పుడు దాచమంటారా అని అడిగితే సరేనంటారు. ఆ క్షణం నుంచి ఫైలు నిజంగానే చెడిపోతుంది. కాబట్టి మొదటి చూపు టెర్మినల్‌లోనో నోట్‌ప్యాడ్‌లోనో:

హెడ్ -3 ఏప్రిల్.సీఎస్‌వీ

శీర్షికలు, సభ్యుని సంఖ్యలోని సున్నాలు, తేదీ రూపం, తెలుగు పేర్లు ఈ మూడు వరుసల్లోనే తెలిసిపోతాయి. తరువాత వరుసల లెక్క:

సీఎస్‌వీస్టాట్ --కౌంట్ ఏప్రిల్.సీఎస్‌వీ

ఇది శీర్షికను వదిలేసి లెక్కిస్తుంది. రెండో మెట్టులో రాసుకున్న సంఖ్యతో పోల్చండి. వరుసల లెక్కకు చాలామంది డబ్ల్యూసీ -ఎల్ అనే ఆదేశం వాడతారు. ఎవరైనా ఒక గడిలో ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కి రెండు పంక్తులు రాసి ఉంటే, అది ఆ ఒక్క వరుసనూ రెండుగా లెక్కిస్తుంది. రెండు ఆదేశాల జవాబుల్లోనూ తేడా ఒకటే, అంటే శీర్షిక మాత్రమే అయితే సరే. అంతకంటే ఎక్కువైతే గడుల్లో పంక్తులు విరిగాయని అర్థం. సీఎస్‌వీగా అది తప్పు కాదు గాని, పంక్తికొక వరుస అని నమ్మే ఏ సాధనమైనా అక్కడ తప్పటడుగు వేస్తుంది.

మొత్తాలు ఇలా చూడవచ్చు:

సీఎస్‌వీస్టాట్ --కాలమ్స్ లీటర్లు --సమ్ ఏప్రిల్.సీఎస్‌వీ

రాసుకున్న మొత్తానికి సరిగ్గా రెట్టింపు వచ్చిందంటే షీటు అడుగునున్న “మొత్తం” వరుస కూడా ఫైలులోకి వచ్చిందన్నమాట. ఆదేశం మొత్తమే చెప్పలేకపోతే ఆ కాలమ్‌లో ఎక్కడో సంఖ్య కానిది ఉంది: రూపాయి గుర్తు, “లీ.” అనే పొట్టి మాట, సెలవు అనే మాట, ఏదైనా కావచ్చు.

చెడిన ఫార్ములాలను పట్టుకోవడానికి:

గ్రెప్ -ఎన్ '#' ఏప్రిల్.సీఎస్‌వీ

ఎక్సెల్ తప్పు సందేశాలన్నీ ఈ గుర్తుతోనే మొదలవుతాయి. చిరునామాల్లో ఈ గుర్తు వాడి ఉంటే అవి కూడా వస్తాయి, కంటితో వేరుచేసుకోండి.

చివరగా తెలుగు నిలిచిందో లేదో:

ఫైల్ ఏప్రిల్.సీఎస్‌వీ
గ్రెప్ -సీ 'క' ఏప్రిల్.సీఎస్‌వీ

మొదటి దానికి యూటీఎఫ్-8 అనే మాట జవాబులో రావాలి. రెండోది క అక్షరమున్న పంక్తులెన్నో చెబుతుంది. వంద పేర్ల జాబితాలో జవాబు సున్నా అయితే తెలుగు పోయినట్టే.

పేరు కళ్లముందు ఉన్నా గ్రెప్ వెతకలేకపోతే, కంటికి కనిపించని ఒక అక్షరం అడ్డుపడి ఉండవచ్చు. “శ్రీనివాస్‌రావు” వంటి పేర్లలో పొల్లు తరువాత వత్తు పడకుండా కొన్ని కీబోర్డులు ఒక కనిపించని విభజన గుర్తును చేరుస్తాయి, మరికొన్ని చేర్చవు. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటరుకు రెండు వేర్వేరు పేర్లు. అటువంటప్పుడు పేరులో మొదటి సగం “శ్రీనివా” వరకే వెతకండి.

7. తెలుగు మాత్రమే చెడితే

సంఖ్యలన్నీ సరిపోయి, తెలుగు పేర్లు మాత్రం అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగా, గీతలూ చుక్కలూ ఉన్న గుర్తులుగా నోట్‌ప్యాడ్‌లోనూ కనిపిస్తే కారణం మార్పిడి కాదు. ఆ ఫైలును అను వంటి పాత డీటీపీ ఫాంట్లతో టైపు చేసి ఉంటారు. అటువంటి ఫాంట్లలో గడిలో నిజంగా ఉన్నది ఇంగ్లిషు అక్షరాలూ, వాటి చుట్టూ ఉండే గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. సాదా టెక్స్టులో ఫాంటుకు చోటులేదు కనుక వేషం రాలిపోతుంది.

తేల్చుకోవడం సులువు. స్ప్రెడ్‌షీటులో ఒక పేరును ఎంచుకుని ఫాంటును గౌతమికి మార్చండి. తెలుగు తెలుగుగానే ఉంటే అది యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతమున్న పద్ధతి), పొరపాటు వేరేచోట ఉంది. గజిబిజి అయితే పాత ఫాంటే. అప్పుడు పేర్ల కాలమ్‌ను మాత్రమే విడిగా తీసి, ఆ ఫాంటుకు సరిపోయే యూనికోడ్ మార్పిడి సాధనంతో మార్చి, తిరిగి స్ప్రెడ్‌షీటులో పెట్టి, ఐదో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. షీటు మొత్తాన్ని ఆ సాధనంలో వేయవద్దు. అది అంకెలనూ కామాలనూ కూడా తెలుగు ముక్కలనుకుని మార్చేస్తుంది. మార్చిన తరువాత వత్తులు, సున్నాలున్న పేర్లను ఓ ఇరవై అయినా అసలుతో పోల్చి చదవండి. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

8. ఎక్సెల్ వాడేవారికి పంపవలసి వస్తే

అవతలివారు ఎక్సెల్‌లోనే తెరుస్తారని తెలిస్తే, ఫైలును రెండుసార్లు నొక్కి తెరవవద్దని చెప్పి, ఈ క్రమం రాసి పంపండి: ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ ఎంచుకుని, ఫైలు చూపించి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 పెట్టి, లోడ్ చేసేముందు ట్రాన్స్‌ఫార్మ్ డేటా నొక్కి, సభ్యుని సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోను కాలమ్‌ల రకాన్ని టెక్స్టుగా మార్చాలి. రకం మార్చేటప్పుడు ఉన్న మార్పును తీసేసి కొత్తది పెట్టమంటారా అని ఎక్సెల్ అడుగుతుంది. రీప్లేస్ కరెంట్ అని జవాబివ్వాలి. రెండో జవాబు ఎంచుకుంటే ముందే 7గా మారిన సంఖ్య టెక్స్టుగా దాఖలవుతుంది, పోయిన సున్నాలు రావు.